సీలేరు వెలుగు ఏ పద్దులో ఉంది?

ఏటా బడ్జెట్ సమర్పించిన మర్నాడు మన స్త్రీల సంఘాలన్నీ ఒకే పని చేస్తాయి. స్త్రీ, శిశు సంక్షేమానికి ఎంత ఇచ్చారు, గిరిజన సంక్షేమానికి ఎంత ఇచ్చారు అని పత్రికల్లో వెతుకుతాం. నిరుటికంటే పెరిగితే చాలదంటాం, తగ్గితే ద్రోహమంటాం. ఒక ప్రకటన ఇచ్చి ఊరుకుంటాం. ప్రసంగం చివర ఉండే రెవెన్యూ లోటు, ద్రవ్యలోటు, అప్పుల నిష్పత్తి మాత్రం ఆర్థికవేత్తలకు వదిలేస్తాం. అవి మన విషయాలు కావని ఎవరూ చెప్పకుండానే మనం ఒప్పేసుకున్నాం. నా వాదన దీనికి ఎదురు. ఆదివాసీ స్త్రీలకు రావలసినది రాకుండా పోయేది కేటాయింపుల పేజీలో కాదు, ఆ చివరి పేజీలోనే. 'రాష్ట్ర ఆర్థిక ఆరోగ్యం' అనే మాటకు అర్థం నిర్ణయించే చోటే మనం ఓడిపోతున్నాం.

ముందు అంకెలు చూద్దాం. 2025-26 సంవత్సరానికి ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 2025 ఫిబ్రవరి 28న 3,22,359 కోట్ల రూపాయల బడ్జెట్ ప్రవేశపెట్టారు. అందులో రెవెన్యూ లోటు 33,185 కోట్లు, ద్రవ్యలోటు 79,926 కోట్లు. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో ఈ ద్రవ్యలోటు 4.38 శాతం. ఇంటి లెక్కలో చెప్పుకుంటే, ఆ ఏడాది కొత్తగా తెచ్చే ప్రతి వంద రూపాయల అప్పులో నలభై ఒకటికి పైగా రోజువారీ ఖర్చులకే పోతుందన్నమాట. రోడ్లు, ఆసుపత్రి భవనాలు, కాలవల వంటి శాశ్వతమైన వాటి మీద పెట్టే మూలధన వ్యయం 40,635 కోట్లు. గిరిజనుల సంక్షేమానికి చూపినది 8,159 కోట్లు. అంతకు ముందు, 2024 జులైలో ప్రభుత్వం ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రం విడుదల చేసి, అప్పులూ బకాయిలూ కలిపి 9.74 లక్షల కోట్లని చెప్పింది. ఆ అంకె మీద ప్రతిపక్షం గొడవ ప్రతిపక్షానిది. నాకు అంకెకంటే దాని వెంట వచ్చే వాక్యం ముఖ్యం: 'ఖజానా ఖాళీ, కాబట్టి ఓపిక పట్టండి.'

ఈ వాక్యం మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేకోద్యమం ఫలితంగా 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. రెండేళ్ళు తిరిగి, 1997 వచ్చేసరికి దాన్ని ఎత్తేశారు. స్త్రీల పోరాటం తప్పని ఆనాడు ఎవరూ అనలేదు. అందరూ మెచ్చుకున్నారు. కానీ రాబడి పడిపోయింది, ఖజానా తట్టుకోలేదు అన్నారు. అంటే 'ఆర్థిక ఆరోగ్యం' అనే మాటతో మనం గెలిచినదాన్ని మన చేతుల్లోంచి ఒకసారి లాక్కున్నారు. అయినా ఆ మాటను విప్పి చూడడం మనం నేర్చుకోలేదు.

ఇది డొంకరాయిలో కూర్చుని రాస్తున్నాను. తూర్పు కనుమల్లో సీలేరు నది పక్కన ఉన్న ఊరు ఇది. 2022 ఏప్రిల్ వరకూ తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనలో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. బడ్జెట్ ప్రతుల కట్ట పట్టుకుని ఇక్కడికి రావడం కొందరు మిత్రులకు వింతగా తోచింది. లోటు గురించి రాయాలంటే సచివాలయం దగ్గర ఉండాలి గాని కొండల్లో ఏం పని అన్నారు. ఇక్కడే పని ఉంది. ఎందుకంటే ఈ లోయలో తయారయ్యే సంపద బడ్జెట్ పుస్తకంలో ఎక్కడ కనబడుతుందో, ఎక్కడ మాయమవుతుందో చూస్తే మొత్తం లెక్క ఎలా రాస్తున్నారో తెలుస్తుంది.

ఎగువన ఒడిశాతో కలిసి కట్టిన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 120 మెగావాట్లు. అది 1955లో మొదలైంది. అదే నది కిందికి వచ్చి సీలేరు అనిపించుకుంటుంది. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25 మెగావాట్లు, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460 మెగావాట్లు. ఇవన్నీ ఎప్పుడో కట్టినవి. పెట్టుబడి ఎప్పుడో తీరిపోయింది. అందువల్ల రాష్ట్రంలో చౌకగా దొరికే కరెంటులో ఇదొకటి. ఆ నీళ్ళు అక్కడితో ఆగవు. సీలేరు శబరిలో, శబరి గోదావరిలో కలుస్తాయి. రబీలో గోదావరి డెల్టాకు నీళ్ళు చాలకపోతే ఆదుకునేది ఇక్కడి జలాశయాల నుంచి వదిలే నీళ్ళే. కోనసీమలో దాళ్వా వరి పండిన ఏడాది డొంకరాయి పేరు ఎవరూ తలచరు గాని, ఇంజనీర్లు మాత్రం ఇక్కడి నీటిమట్టాన్ని రోజూ చూసుకుంటూనే ఉంటారు.

ఇవన్నీ ఏ పద్దులో ఉన్నాయి? ప్రపంచ బ్యాంకు సంస్కరణల కాలంలో, 1999లో విద్యుత్ బోర్డును ముక్కలు చేసి జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా మార్చారు. అప్పటి నుంచీ సీలేరు కరెంటు ఒక కార్పొరేషన్ ఆదాయం. అది గిరిజన ప్రాంతపు రాబడిగా ఎక్కడా నమోదు కాదు. డెల్టా వరి వ్యవసాయ ఉత్పత్తిగా కోనసీమ, గోదావరి జిల్లాల పేరున నమోదవుతుంది. బడ్జెట్లో ఇంధన శాఖకు 2025-26లో పెట్టిన సుమారు 13,600 కోట్లలో పెద్ద భాగం సబ్సిడీలదే. అందులోనూ వ్యవసాయ పంపుసెట్ల వాటా ఎక్కువ. ఏజెన్సీ కొండవాలులో పోడు చేసుకునే కుటుంబానికి పంపుసెట్టు ఎక్కడిది? దళిత, గిరిజన ఇళ్ళకు 200 యూనిట్ల వరకూ ఉచిత విద్యుత్ ఉంది కదా అంటారు. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇంట్లో 200 యూనిట్లు ఎప్పటికి కాలతాయి?

ఇప్పుడు ద్రవ్యలోటు లెక్కకు వద్దాం. 4.38 శాతం అంటే పైన లోటు, కింద రాష్ట్ర స్థూల ఉత్పత్తి. కింది అంకె పెద్దదయ్యేకొద్దీ నిష్పత్తి చిన్నదవుతుంది, రాష్ట్రం 'ఆరోగ్యం'గా కనబడుతుంది, మరింత అప్పు తెచ్చుకునే అర్హత వస్తుంది. ఆ కింది అంకెలో సీలేరు కరెంటు ఉంది. డెల్టా వరి ఉంది. ఆ వరిని అమ్మే, మర పట్టే, రవాణా చేసే వ్యాపారమంతా ఉంది. కొండ మీది నుంచి నీళ్ళు మోసుకొచ్చే స్త్రీ శ్రమ మాత్రం అందులో లేదు. అడవిలో అడ్డాకు, చింతపండు, కొండ చీపురు ఏరి సంతకు మోసుకొచ్చే పనిలో అమ్మిన సరుకు ధర మాత్రమే ఏదో లెక్కలోకి వస్తుంది, నడిచిన కొండ రాదు. కొండల సంపద రాష్ట్రానికి అప్పు పుట్టిస్తుంది. ఆ అప్పుతో కట్టే రోడ్డు మాత్రం కొండల దాకా రాదు. ఏజెన్సీ రాష్ట్రానికి భారమని, అక్కడ పెట్టే ప్రతి పైసా దయతో ఇచ్చేదని మాట్లాడే మేధావులు ముందు ఈ భిన్నంలో పైన ఎవరున్నారో, కింద ఎవరున్నారో చెప్పాలి.

దీనికి దారి లేదా? ఉంది. దాన్ని ఈ కొండలే చూపించాయి. విశాఖ జిల్లా అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని చెప్పడంతో పాటు, గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీటి వసతి, బడులు, ఆసుపత్రులు, రవాణా వంటి వాటికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని అంది. మొదటి భాగాన్ని మనమంతా కంఠస్థం చేశాం. రెండో భాగాన్ని ప్రభుత్వాలూ మరిచాయి, మనమూ మరిచాం. రాయి తవ్వితే వర్తించే న్యాయం నీరు మళ్ళిస్తే ఎందుకు వర్తించదు? 2008 నాటి జాతీయ జలవిద్యుత్ విధానం కొత్త ప్రాజెక్టుల నుంచి ఆ రాష్ట్రానికి 12 శాతం విద్యుత్ ఉచితంగా ఇవ్వాలని, దాని మీద మరో 1 శాతం స్థానిక ప్రాంతాభివృద్ధి నిధికి ఇవ్వాలని చెప్పింది. హిమాచల్ కొండల్లో ఇది మామూలు మాట. సీలేరు కేంద్రాలు పాతవి కాబట్టి వాటికి ఆ విధానం వర్తించదంటారు. సరే, చట్టం అలా ఉంది. కానీ అదే ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రానికి జెన్‌కో పథకం వేసింది. అది పాతది కాదు కదా. దాని లాభంలో కొండల వాటా ఎంతో ముందే రాయించుకోకపోతే ఇంకో యాభై ఏళ్ళు ఇదే కథ.

ఇక ఖర్చు వైపు. బడ్జెట్ వివరాల సంపుటాల్లో 796 అనే మైనర్ హెడ్ ఒకటి ఉంటుంది. గిరిజన ఉప ప్రణాళిక ఖర్చంతా ఆ అంకె కిందే రాస్తారు. మన కార్యకర్తలు తెలుసుకోవలసిన మొదటి అంకె ఇది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. జనాభా నిష్పత్తి ప్రకారం నిధులు కేటాయించాలని, గిరిజన వ్యక్తులకు, కుటుంబాలకు, ఆవాసాలకు ప్రత్యక్షంగా, లెక్కకట్టగలిగే ప్రయోజనం ఉండే పనులనే అందులో చేర్చాలని ఆ చట్టం చెప్పింది. పదేళ్ళ గడువు తీరిపోతుంటే 2023 జనవరిలో ఆర్డినెన్సుతో ఇంకో పదేళ్ళు పొడిగించారు. చట్టం ఉంది. కానీ 2017-18 నుంచి ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అన్న విభజననే ఎత్తేశారు. 'దేనిలో వాటా' అని అడిగితే చూపించడానికి ఆ 'దేని' లేకుండా పోయింది. 2011 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులు 5.53 శాతం. పైన చెప్పిన 8,159 కోట్లు మొత్తం బడ్జెట్లో రెండున్నర శాతం. జీతాలు, వడ్డీలు, పింఛన్లు తీసేసి పోల్చాలి, మొత్తంతో పోల్చడం న్యాయం కాదని ఆర్థిక శాఖ వారు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే తీసేశాక మిగిలినది ఎంతో, అందులో 796 వాటా ఎంతో ఒక్క పేజీలో అచ్చువేసి మాకు చూపించండి. మేం పోలిక మార్చుకుంటాం.

ఈ రెండున్నర శాతంలో కూడా ఏముంది? వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే పింఛను రాష్ట్రమంతటా అందరికీ ఇచ్చేది. అందులో గిరిజనులకు చేరిన మొత్తాన్ని 'ఉప ప్రణాళిక ఖర్చు' అని చూపడం చాలాకాలంగా ఉన్న అలవాటు. 2019 తర్వాత నవరత్నాల పథకాలనూ అలాగే లెక్కించారు. పింఛను తీసుకునే ముసలమ్మకు అది ఎంతో ఆసరా, దాన్ని తప్పుపట్టే నీచత్వం నాకు లేదు. కానీ ఆమె పౌరురాలిగా హక్కుతో పొందినదాన్నే మళ్ళీ గిరిజనురాలిగా ఇచ్చినట్టు రాసుకోవడం ఏమిటి? మైదానంలోని ముసలమ్మకు పింఛనూ ఉంది, ఊరికి రోడ్డూ ఉంది. ఇక్కడి ముసలమ్మకు పింఛను ఇచ్చి, అదే నీ రోడ్డు అంటున్నారు. తెలంగాణ 2017లో తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఒక ఏడాది ఖర్చు కానిదాన్ని మరుసటి ఏడాదికి కలపాలని రాసుకుంది. అమలు ఎలా ఉన్నా, అడిగేందుకు ఒక వాక్యమైనా ఉంది. మన దగ్గర మార్చి 31 దాటితే మిగిలిన సొమ్ము మాట ఎత్తేవారే లేరు.

మార్చి 31 గురించి ఇంకో మాట చెప్పాలి. నా దృష్టిలో ఈ వ్యాసంలో ముఖ్యమైనది ఇదే. మన ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో ఉంటాయి. డబ్బు ఖజానా నుంచి బయటికి వెళ్ళినప్పుడే ఖర్చు. పని జరిగింది, బిల్లు పెట్టారు, కానీ చెల్లించలేదు అంటే లెక్క ప్రకారం ఖర్చు జరగనట్టే. అంటే బిల్లులు ఆపిన కొద్దీ లోటు తగ్గుతుంది. 2018 నుంచి బిల్లులన్నీ సీఎఫ్‌ఎంఎస్ అనే కంప్యూటర్ పద్ధతిలో వెళుతున్నాయి. ఎక్కడ ఆగిందో కింది ఆఫీసుకు తెలుసు, ఎందుకు ఆగిందో తెలియదు. బకాయి పడ్డ రాష్ట్రంలో కాంట్రాక్టరు ముందు ఏ పనికి మొహం చాటేస్తాడు? సిమెంటు, కంకర కొండెక్కించవలసిన పనికి. ఏజెన్సీ టెండర్లకు రెండోసారీ మూడోసారీ ఎవరూ రాకపోవడం వెనక ఉన్నది ఈ లెక్కే. దాన్ని 'దుర్గమ ప్రాంతం' అని ప్రకృతి మీదికి నెట్టేస్తారు.

ఆ ఆగిన రోడ్డు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? నిండు గర్భిణిని డోలీలో మోసేవాళ్ళు, పక్కనే నడిచే ఆశా కార్యకర్త, ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునే ఆడపడుచు. డొంకరాయిలో ఒక కొండరెడ్డి స్త్రీ నన్ను అడిగింది: "గవర్నమెంటు కాడ డబ్బుల్లేవంటున్నారు గదా అమ్మా, మా కాడ ఉన్నాయనా మోసుకోమంటున్నారు?" ఆర్థిక శాస్త్రంలో దీనికి పెద్ద పేర్లున్నాయి. ఆమె అడిగినంత సూటిగా ఏ పేరూ లేదు. ప్రభుత్వం తన పుస్తకంలోంచి తీసేసిన ఖర్చు ఆవిరైపోదు, ఒక స్త్రీ భుజం మీదికి మారుతుంది. ప్రధానమంత్రి జన్‌మన్ పథకం 2023 నవంబర్‌లో మొదలైంది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం 'అడవి తల్లి బాట' పేరుతో సుమారు వెయ్యి కోట్ల రోడ్ల పనులు ప్రకటించింది. మంచిదే. ప్రకటించిన కిలోమీటర్లు కాదు, బిల్లు చెల్లించిన కిలోమీటర్లు ఎన్నో ఏటా చెప్పమని అడగడం మన పని.

జీతాల విషయంలోనూ ఇదే తంతు. 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీ ఉద్యోగులు సమ్మెకు దిగారు. నలభై రెండు రోజులు నడిచిన ఆ సమ్మె మీద 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. నెలకు ఇరవై ఆరు రోజులనుకుంటే ఆయాకు పడేది రోజుకు 269 రూపాయలు. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి 272. చట్టం దృష్టిలో ఆమె ఉద్యోగి కాదు, 'గౌరవ వేతనం' తీసుకునే సేవకురాలు. సమ్మె చేసినప్పుడు మాత్రం ఎస్మా కిందికి వచ్చే అత్యవసర ఉద్యోగి! జీతాల బిల్లు పెరిగిపోతోందని వాపోయేవారు ఈ వేలాది స్త్రీలను జీతాల పట్టికలోకి రానివ్వకపోవడం వల్ల రాష్ట్రానికి ఎంత మిగులుతోందో ఎన్నడూ చెప్పరు. రోడ్డు లేని ఆవాసంలో అంగన్‌వాడీ కేంద్రం, ఆశా కార్యకర్త తప్ప ప్రభుత్వానికి వేరే రూపమే లేదు. ఉన్న ఆ ఒక్క రూపాన్నీ అతి చౌకగా కొన్నారు.

రాబడి వైపు మద్యం సంగతి చెప్పకుండా ఈ కొండల ఆర్థిక చరిత్ర పూర్తికాదు. 1879 రంప పితూరీకి ముఖ్య కారణాల్లో కల్లు మీద పన్ను ఒకటి. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద ఆంక్షలు, ముఠాల నుంచి పిండిన 'చిగురుపన్ను', దాన్ని గుత్తకిచ్చిన మన్సబ్‌దారు, వీటి మీదే కొండలు తిరగబడ్డాయి. తర్వాత 146 ఏళ్ళు గడిచాక చూస్తే? 2019లో దశలవారీ మద్య నిషేధం వాగ్దానం చేసి వచ్చిన ప్రభుత్వ హయాంలోనే, 2020లో ఏర్పాటైన రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ తెచ్చిన అప్పులకు మద్యం రాబడిని పూచీ పెట్టారు. తాగడం ఆగితే అప్పు తీరదు! 2024 అక్టోబర్‌లో వచ్చిన తర్వాతి ప్రభుత్వపు విధానం దుకాణాలను ప్రైవేటుకిచ్చి, 99 రూపాయలకు క్వార్టరు సీసా తెచ్చింది. పార్టీ మారింది, పూచీ మారలేదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పానీయాలను నియంత్రించే, నిషేధించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. ఆ అధికారాన్ని ఒక ఊరు వాడుకుంటే ఎక్సైజు రాబడి ఎంత తగ్గుతుందోనన్న భయం ఆర్థిక శాఖకు ఉంటుంది. ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు నిలబడతాయన్న లెక్క ఏ శాఖా వేయదు.

'జెండర్ బడ్జెట్' వచ్చింది కదా అని మనలో కొందరు తృప్తి పడుతున్నారు. 1984లో ఆస్ట్రేలియాలో మొదలై, 1995లో దక్షిణాఫ్రికా స్త్రీలు బయటినుంచి ప్రభుత్వాన్ని నిలదీసే సాధనంగా మలిచిన ఆలోచన అది. కేంద్రం 2005-06 నుంచీ జెండర్ ప్రకటన ఇస్తోంది. మన రాష్ట్రం 2021-22లో సుమారు 47 వేల కోట్లని చూపింది. తల్లి ఖాతాలో పడేదంతా కూడి వేసిన మొత్తం అది. స్త్రీ చేతి నుంచి తీసుకున్నది తీసివేసే కాలమ్ అందులో లేదు. అన్నీ కూడికలే, ఒక్క తీసివేతా లేదు.

'అంటే అప్పులు చేసి పంచమంటారా?' అని అడుగుతారు. లేదు. రోజువారీ ఖర్చుకు అప్పు చేసే రాష్ట్రం మీద మొదటి దెబ్బ పడేది కొండల మీదే. వడ్డీలకు కోత ఉండదు, పనులకే కోత. కాబట్టి లోటు మనకు అందరికంటే ఎక్కువ పట్టాలి. ఆ లోటును ఎవరి నెత్తిన వేసి తగ్గిస్తున్నారన్నదే నా పేచీ.

వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు మన సంఘాలు వినతిపత్రాలు రాయడం మానేసి మూడు కాగితాలు సంపాదించాలని నా ప్రతిపాదన. ఒకటి, మీ ఐటీడీఏ పరిధిలోని ఖజానా కార్యాలయాల నుంచి గత అయిదేళ్ళలో 796 కింద నిజంగా చెల్లించిన మొత్తాలు. సమాచార హక్కు కింద అడిగితే ఇస్తారు. ఒక ఆఫీసులో నన్ను ఆరు నెలలు తిప్పారు, అయినా చివరికి ఇచ్చారు. రెండు, ఏజెన్సీ పనుల మీద పెండింగులో ఉన్న బిల్లుల జాబితా, తేదీలతో. మూడు, సీలేరు కేంద్రాల్లో నెలవారీ ఉత్పత్తి, రబీలో డెల్టాకు వదిలిన నీటి లెక్క. మొదటి రెండూ ఎక్కడివారైనా తేవచ్చు. మూడోది డొంకరాయి, మోతుగూడెం, సీలేరు చుట్టుపక్కల పనిచేస్తున్న వారు తేవాలి. ఆ మూడు కాగితాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, గ్రామసభలో చదివి, తీర్మానం చేయించి, దాని నకలు ఆర్థిక శాఖకూ గవర్నరుకూ పంపాలి. అయిదో షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల పాలన మీద రాష్ట్రపతికి నివేదిక పంపవలసిన బాధ్యత గవర్నరుది. అందులో ఈ లెక్క ఉండాలని అడిగే హక్కు డొంకరాయి గ్రామసభకు ఉంది.